లాబ్రడార్ పెరడు, షెపర్డ్ పెరడు

(ఒక కాలనీలో కుక్కలు పెంచుకునేవాళ్ళ ఆదివారం సమావేశంలో ఓ పశువైద్యుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల వాళ్ళకి వినబడుతోందా? సరే.

నన్ను పిలవడానికి ఫోన్ చేసినప్పుడు మీ కార్యదర్శి గారు విషయం చెప్పడానికి కాస్త మొహమాటపడ్డారు. "కుక్కల గురించేనండీ... అంటే, కుక్కలు పెరట్లో చేసే పని గురించి" అన్నారు. ఏ పని అన్నాను. "ఉదయం చేసే పని" అన్నారు. (నవ్వులు) ముందే చెప్తున్నాను, ఈ గంటసేపూ ఆ పని గురించే మాట్లాడతాను. మలం అంటే ఆస్పత్రి రిపోర్టులా ఉంటుంది, పూప్ అంటే ముందు వరసలో పిల్లలు నవ్వుతారు. మా ఊళ్ళో పెంట అనేవాళ్ళు. నేనూ అదే అంటాను. టిఫిన్ చేసి రానివాళ్ళు క్షమించాలి.

మీ కాలనీలో ఒక జంట కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకోబోతున్నారట. అమ్మాయిగారు లాబ్రడార్ అంటారు, అబ్బాయిగారు జర్మన్ షెపర్డ్ అంటారు. తగువు తేలక చివరికి "దేనికి పెరడు శుభ్రం చేయడం తేలికైతే అదే తెచ్చుకుందాం" అని ఒప్పందానికొచ్చారట. వాళ్ళిద్దరూ ఇక్కడే ఉన్నారు, ఎవరో చెప్పను. నా ముప్పయ్యేళ్ళ వైద్యంలో కుక్కని ఎంచుకోవడానికి ఇంత తెలివైన కారణం వినలేదు. జనం రంగు చూస్తారు, చెవులు నిలబడ్డాయా లేదా చూస్తారు, ధర అడుగుతారు. రోజూ వంగి ఎత్తాల్సిన దాని గురించి ఎవరూ అడగరు. కుక్క పన్నెండేళ్ళు బతికితే, రోజుకి రెండుసార్ల లెక్కన ఎనిమిది వేల పైచిలుకు సార్లు వంగాలి. నడుము మీదే కదా.

నా దగ్గర రెండూ ఉన్నాయి. లాబ్రడార్ పేరు లడ్డు. షెపర్డ్ పేరు భైరవ. కాబట్టి నేను చెప్పేది సగం చదువుకున్నది, సగం పారతో ఎత్తింది.

బయటికి చూస్తే రెంటికీ పెద్ద తేడా ఉండకూడదు. ఎదిగిన మగ లాబ్రడార్ ముప్పై, ముప్పై ఆరు కిలోల దాకా తూగుతుంది. మగ షెపర్డ్ ముప్పై నుంచి నలభై. రెండూ పరుగులు పెట్టే జాతులే, పనికోసం పెంచినవే. ఒకటి వేటలో పడిపోయిన బాతుల్ని నీళ్ళలోకి దూకి తెచ్చేది, రెండోది గొర్రెల మందని కాసేది. మరి పెరట్లో తేడా ఎందుకొస్తుందంటే, ఒకదానికి నోటితో సమస్య, ఇంకోదానికి పొట్టతో సమస్య.

ముందు లడ్డుగాడి నోటి సంగతి.

లాబ్రడార్‌కి ఆకలి తీరదు. ఇది నేను తిట్టి చెప్పడం కాదు. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్ళు లాబ్రడార్లలో పోమ్‌సీ అనే జన్యువులో ఓ చిన్న ముక్క ఊడిపోయి ఉండటం కనిపెట్టారు. కడుపు నిండిందని మెదడుకి చెప్పే దారిలో అది పని చేయాలి. ఆ ముక్క లేకపోతే కబురు అందదు. వాళ్ళు చూసిన లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి ఈ లోపం ఉంది. చూపులేని వాళ్ళకీ మరొకరి సాయం కావలసిన వాళ్ళకీ తోడుగా శిక్షణ ఇచ్చే లాబ్రడార్లలో చూస్తే నాలుగింట మూడింటికి ఉంది. తిండి కోసం చెప్పిన మాట వింటుంది కాబట్టి, మనుషులు శిక్షణకి ఏరుకున్నవి అవే అయ్యుండొచ్చంటారు. మీ లాబ్రడార్ మీ మాట వింటోందంటే, అది మీ మీద ప్రేమా, మీ జేబులో బిస్కెట్ మీదా అన్నది మీరే తేల్చుకోండి.

ఈ ఆకలి పెరట్లోకి ఎలా వస్తుందో చూడండి. మనం కొలిచి పెట్టిన గిన్నె కాక, పిల్లలు పారేసిన ఇడ్లీ ముక్క, పనమ్మాయి పోసిన గంజి, కాకి వదిలేసిన అన్నం, ప్రహరీ గోడ మీంచి ఎదురింటి వాళ్ళు మర్యాదకి విసిరిన చపాతీ. అన్నీ లోపలికే. తిన్నది ఎక్కువైతే పోసేదీ ఎక్కువే. పైగా మన ఇళ్ళలో కుక్క తిండి అంటే అన్నం, అందులో చికెన్ మెడలు, పైన పెరుగు. చవక రకం పొడి మేతల్లో కూడా మొక్కజొన్న, నూకలే ఎక్కువ. పిండి పదార్థం, పీచు పెరిగేకొద్దీ కుప్ప పెరుగుతుంది. మాంసం పాలు పెంచి, అన్నం తగ్గించి చూడండి, పార బరువు తగ్గుతుంది. నేను వంటింటి తక్కెడలో తూచలేదు గానీ, (నవ్వులు) మా ఆవిడ వద్దంది గానీ, సంచి మోస్తే చేతికి తెలుస్తుంది.

కానీ లాబ్రడార్ పెంటలో ఒక సుగుణం ఉంది. ఆరోగ్యంగా ఉన్నంతవరకు గట్టిగా, ఆకారం చెడకుండా ఉంటుంది. పశువైద్యులు వాడే కొలతల్లో ఒకటి నుంచి ఏడు దాకా ఒక వరస ఉంది. ఒకటి అంటే మేకపెంటికల్లా గట్టి గుండ్లు. ఏడు అంటే నీళ్ళు. రెండు మంచిది. తడిగా, పగలకుండా, ఎత్తితే నేల మీద మరక దాదాపు మిగలకుండా వచ్చేది. లడ్డు మామూలు రోజుల్లో రెండు, మహా అయితే మూడు. పాత పేపరు ముక్క, చిన్న తాపీ చాలు. పది సెకన్ల పని.

దాని పెంటలో మీరు చూడాల్సింది ఇంకోటి. నోట్లోకి వెళ్ళినవన్నీ అక్కడ తేలతాయి. సాక్సు, కొబ్బరి పీచు, పూలకుండీ ప్లాస్టిక్ అంచు, పిల్లల బొమ్మ చెయ్యి. మే నెలలో మామిడి టెంక. టెంక బయటికొస్తే అదృష్టం. పేగులో అడ్డం పడి ఆపరేషన్ దాకా వచ్చిన లాబ్రడార్లని ప్రతి ఎండాకాలం చూస్తాను. రెండు రోజులుగా పెరట్లో ఏమీ కనబడటం లేదు, తిన్నది కక్కుతోంది అంటే, 'ఇవాళ పని తగ్గింది' అనుకోకండి. ఫోన్ చేయండి.

ఇప్పుడు భైరవ.

షెపర్డ్ తిండిబోతు కాదు. గిన్నె ముందు కూర్చుని ఆలోచిస్తాడు. కానీ పొట్ట సున్నితం. నా దగ్గరికొచ్చే షెపర్డ్‌లలో నూటికి ఇన్ని అని చెప్పలేను గానీ, "డాక్టర్ గారూ, మళ్ళీ లూజ్" అనే మాట ఈ జాతి యజమానుల నోట విన్నంతగా ఇంకెవరి నోటా వినలేదు. కారణం చాలాసార్లు మన ప్రేమే. పొద్దున్నే గ్లాసుడు గేదె పాలు పోస్తారు. ఎదిగిన చాలా కుక్కలకి పాలలోని చక్కెర అరగదు. లడ్డుకి పోస్తే ఓ రోజు గడబిడ అయి సర్దుకుంటాడు. భైరవకి పోస్తే మూడు రోజులు నా ఉదయాలు పోతాయి. పెరుగు పర్లేదు, చాలావాటికి పడుతుంది. మేత మార్చాలన్నా షెపర్డ్‌కి వారం రోజులు పట్టించి, పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా కలపాలి. ఆన్‌లైన్‌లో తక్కువకి వచ్చిందని రాత్రికి రాత్రి మార్చారో, గడ్డి మీద ఫలితం కనబడుతుంది.

పల్చగా ఉన్నదాన్ని కార్పెట్ గడ్డి మీంచి ఎలా తీస్తారు? ఇక్కడ చాలామంది గొట్టం తెచ్చి నీళ్ళు కొడతారు. అది శుభ్రం చేయడం కాదండీ, పెరడంతా అలకడం. ముందు ఓ గుప్పెడు పొడి మట్టో, బూడిదో, రంపపు పొట్టో చల్లండి. అయిదు నిమిషాలు ఆగండి. అది తడి పీల్చి ముద్ద కడుతుంది. పలక పారతో పక్క నుంచి తోసి ఎత్తండి. ఆ తర్వాత నీళ్ళు. ఇంకో మాట. పొడుగు బొచ్చు షెపర్డ్ అయితే సగం సరుకు వెనక కాళ్ళ బొచ్చుకే అంటుకుని ఇంట్లోకి నడిచి వస్తుంది. ఆ బొచ్చు కత్తిరించి ఉంచుకోండి.

భైరవ గురించి ఒక సంగతి చెప్పాలి. ఇది నేను గొప్పగా చెప్పుకునేది కాదు.

వాడికి మూడేళ్ళప్పుడు లడ్డు ఓ కొత్త అలవాటు మొదలుపెట్టాడు. భైరవ పెరట్లోకి వెళ్ళి వచ్చాడో లేదో, వీడు పరిగెత్తుకెళ్ళి ఆ పెంట తినడం. ఛీ అన్నాం, తిట్టాం, కారం చల్లాం. లాబ్రడార్ కదా, బుద్ధి అంతే అనుకున్నాను. వైద్యుణ్ణి నేనే. మా పెరడు ఊడ్చే తాత ఒకాయన ఉన్నాడు. కొబ్బరి ఈనెల చీపురు చంకన పెట్టుకుని ఓ రోజు నా దగ్గరకొచ్చి, "అయ్యా, ఈ నల్ల కుక్క తిన్నదానికంటే పోసేదే ఎక్కువుంది. రోజుకి అయిదారు సార్లు. పేడ కళ్ళిలా ఉంది, మీద నూనె తేలతాంది. చీమలు కూడా పడుతున్నాయి" అన్నాడు.

వెళ్ళి చూశాను. లేత పసుపు, సున్నం కలిసిన మట్టి రంగు. మెరుపు. పుల్లటి వాసన. తలెత్తి కుక్కని చూస్తే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. అవి బొచ్చు కింద దాక్కోవడంతో, రోజూ చూసే నాకే కనబడలేదు. క్లోమం అరుగుదల రసాలు చేయడం మానేసింది. షెపర్డ్ జాతిలో ఎక్కువగా కనబడే జబ్బు ఇది. క్లోమంలో నూటికి తొంభై వంతుల దాకా పాడైతే గానీ పైకి తెలియదు. తిన్నది అరగక, కొవ్వుతో సహా అట్లాగే బయటికి పోతుంది. కుక్క ఆకలితో మాడుతుంది. సగం అరిగిన తిండి కాబట్టే లడ్డుకి అది విందు భోజనంలా తోచింది. రక్త పరీక్షతో ఖాయమైంది. ఇప్పుడు ప్రతి ముద్దలో ఎంజైమ్ పొడి కలుపుతాం, బి12 సూదులు వేస్తాం, జీవితాంతం అంతే. నెల తిరిగేసరికి భైరవ ఒళ్ళు చేశాడు. పెరట్లో కుప్పలు రెండుకి తగ్గాయి. లడ్డు ఆ వైపు చూడటం మానేశాడు.

ముప్పయ్యేళ్ళ వైద్యుడికంటే ముందు చీపురు పట్టిన మనిషికి రోగం తెలిసింది. అందుకే ఎత్తే పని ఎవరికైనా అప్పగించండి గానీ, వారానికి రెండు రోజులైనా మీరే ఎత్తండి. షెపర్డ్ ఉన్న ఇంట్లో మరీను.

ఎక్కడ చేస్తాయన్నదీ చెప్తాను. లాబ్రడార్‌కి చోటుతో పట్టింపు తక్కువ. బంతి వెంట పరిగెడుతూ మధ్యలో ఆగి, కానిచ్చి, మళ్ళీ పరుగు. మీరు పెరడంతా వెతకాలి. చీకట్లో చెప్పుతో వెతుకుతారు కొందరు. (నవ్వులు) షెపర్డ్ కాపలా బుద్ధి గల జీవి. ప్రహరీ వెంబడి తిరుగుతాడు, తిరిగి తిరిగి గడ్డిలో ఓ కాలిబాట పడుతుంది. నేను చూసినవాటిలో చాలామటుకు ఆ గోడ వారనే పని కానిచ్చేవి. వెతకడం తేలిక. కానీ మూత్రం కూడా ఆ గోడకే, ఆ మొక్కలకే. మీరు గోడ వార కరివేపాకు, గోంగూర వేసుకుంటే కంచె కట్టండి. తులసికోట సంగతి నేను చెప్పక్కర్లేదు. మగకుక్క ఏదైనా దాన్ని స్తంభం అనే అనుకుంటుంది.

గడ్డి మీద పసుపు గుండ్రాలు పడేది జాతి వల్ల కాదు. మూత్రంలో నత్రజని. యూరియా ఎక్కువ చల్లితే వరి మాడినట్టే. ఆడకుక్కలు ఒకేచోట కూర్చుని పోస్తాయి కాబట్టి వాటివల్ల మచ్చ ఎక్కువ. వెంటనే చెంబెడు నీళ్ళు పోస్తే చాలు.

దిక్కుల గురించి కూడా ఒక పరిశోధన ఉందండోయ్. చెక్, జర్మన్ శాస్త్రవేత్తలు 37 జాతుల నుంచి 70 కుక్కల్ని రెండేళ్ళు గమనించి, భూమి అయస్కాంత క్షేత్రం నిలకడగా ఉన్నప్పుడు అవి ఒంటిని ఉత్తర దక్షిణాలుగా తిప్పుకుని ఈ పని కానివ్వడానికి ఇష్టపడతాయని 2013లో ప్రచురించారు. మరుసటి ఏడు ఇగ్ నోబెల్ ఇచ్చారు, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి అది. నైరుతిలో గేటు పెట్టినవాళ్ళు కంగారు పడకండి, దానికీ దీనికీ సంబంధం లేదు.

(సభలో ప్రశ్న: "ఆవు పేడతో కళ్ళాపి చల్లుతాం, గొర్రె పెంట పొలానికి వేస్తాం. కుక్కదాన్ని మొక్కలకి వేస్తే తప్పేంటి?")

మంచి ప్రశ్న. మా నాన్న కూడా అడిగాడు. ఆవు గడ్డి తినేది. కుక్క మాంసం తినేది, పైగా దాని పేగుల్లోని పురుగులు కొన్ని మనకీ వస్తాయి. ముఖ్యంగా రెండు. ఏలికపాములు, కొంకి పురుగులు. ఏలికపాము గుడ్లు పెంటతో నేల మీద పడిన రోజున ఏమీ చేయలేవు. మట్టిలో రెండు మూడు వారాలు ఉండి ముదిరితేనే పిల్లల నోట్లోకి వెళ్ళి హాని చేస్తాయి. ఆ తర్వాత మాత్రం ఏళ్ళ తరబడి మట్టిలో బతికుంటాయి. కొంకి పురుగు గుడ్డు తడి నేలలో ఒకటి రెండు రోజుల్లో పగిలి, వారానికల్లా పిల్లపురుగు తయారవుతుంది. అది చర్మంలోంచే దూరుతుంది. చెప్పుల్లేకుండా నడిచే పిల్లల పాదం మీద ఎర్రటి గీత పాములా మెలికలు తిరుగుతూ, రాత్రంతా దురద పెడుతుందే, అదే ఇది.

అందుకే ఏ రోజుది ఆ రోజు ఎత్తేయమనేది. వాసన కోసం కాదు. మన రోహిణి కార్తె ఎండకి కొంకి పురుగు పిల్లలు మాడిపోతాయి, ఓ పూట ఆలస్యమైనా కొంప మునగదు. జులై నుంచి అక్టోబరు దాకా మాత్రం, చేసిన వెంటనే. వాన పడ్డాక పల్చబడి ఇంకిపోయినదాన్ని ఎవరూ ఎత్తలేరు. తిన్న అరగంటలోపే చాలా కుక్కలు వెళ్తాయి. తిండి వేళ ఒకటే పెట్టుకుంటే పార వేళా ఒకటే అవుతుంది. లాబ్రడార్‌కి ఇది బాగా పనిచేస్తుంది, గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచకూడదు గనక.

ఎత్తింది ఎక్కడ పోయాలి? మీ కాలనీ తడిచెత్త ఎరువు గుంటలో వద్దు. ఆకుకూర మడిలో వద్దే వద్దు. సంచి లేకుండా టాయిలెట్‌లో వేసి నీళ్ళు పోయొచ్చు. స్థలం ఉంటే బోరుకీ, బావికీ దూరంగా మూడడుగుల గొయ్యి తీసి, మూత పెట్టి, వేసినప్పుడల్లా మట్టి కప్పండి.

ఇంకోటి, ఫినాయిల్. ప్రతి ఇంట్లో ఉంటుంది. కుక్క ఆ నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది. వద్దు. పార్వో, అంటే కుక్కపిల్లలకి వాంతులు, నెత్తురు విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు, వచ్చిన ఇంట్లో అయితే బ్లీచ్ వాడాలి, ఒక పాలుకి ముప్పై పాళ్ళ నీళ్ళు. అదీ ముందు నీళ్ళతో బాగా కడిగాకే. మూత్రం మీద నేరుగా బ్లీచ్ పోస్తే కళ్ళు మండే వాయువు వస్తుంది. బండల మీద సరే, మట్టిలో ఆ వైరస్‌ని చంపడం కష్టం, నెలల తరబడి ఉంటుంది. ఆ పెరట్లోకి టీకాలు పూర్తికాని పిల్లని తేకండి. కొత్త జంట ఇది రాసుకోండి.

(సభలో ప్రశ్న: "ఇంతకీ లాబ్రడారా, షెపర్డా సార్?")

తప్పించుకోనివ్వరా? సరే. ఎత్తే సుఖం కావాలంటే లాబ్రడార్. ఎక్కువుంటుంది కానీ తేలిగ్గా వస్తుంది. గేట్లు మూసి, టెంకలు దాచి, అతిథుల్ని అదుపులో పెట్టగలగాలి. షెపర్డ్ కావాలంటే ఒక మనిషి తిండి మీద పట్టుగా ఉండాలి. ఆ ఇంట్లో అత్తగారో అమ్మమ్మో చాటుగా పాలు పోసే రకమైతే తెచ్చుకోకండి. అబ్బాయిగారూ, మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా అలాంటివాళ్ళు? (ఒకరు చెయ్యెత్తారు, నవ్వులు) మీరేనా! అయితే లాబ్రడారే.

(సభలో ప్రశ్న: "పరీక్షకి పెంట తెమ్మంటారు కదా, ఎంత తేవాలి?")

బొటనవేలి కొసంత చాలు. అదే రోజుది, మట్టి అంటనిది. వెంటనే రాలేకపోతే రెండు కవర్లలో చుట్టి ఫ్రిజ్‌లో ఓ మూల పెట్టొచ్చు, ఇంట్లోవాళ్ళకి చెప్పి మరీ పెట్టండి. మందుల షాపుల్లో మూత డబ్బా దొరుకుతుంది, పది పదిహేను రూపాయలు. దయచేసి దాంట్లోనే తెండి. పోయిన దసరాకి ఒకాయన మిఠాయి డబ్బాలో తెచ్చి, నా బల్ల మీద పెట్టి, కారు తీయాలని బయటికెళ్ళాడు. పండగ కదా అని మా కాంపౌండర్ తెరిచాడు.

(నవ్వులు, చప్పట్లు)